లద్దాఖ్, అమర్‌నాథ్ వెళ్లేవారికి: ఎత్తు ప్రదేశాల గురించి అపోహలు – వాస్తవాలు

వేసవి వచ్చిందంటే హైదరాబాద్, విజయవాడల నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "లద్దాఖ్ వెళ్తున్నాం డాక్టర్ గారూ, ఏం మందులు పెట్టుకోవాలి?" అని అడుగుతారు. ఎత్తు ప్రదేశాల్లో వచ్చే జబ్బులకు వైద్యం చేసేవాడిగా నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఎన్ని రోజుల్లో ఎక్కుతున్నారు? మందుల కంటే ఆ జవాబే నాకు ముఖ్యం.

అపోహ: పైన గాలిలో ఆక్సిజన్ శాతం తక్కువ.

మచిలీపట్నం తీరంలోనైనా ఎవరెస్ట్ మీదనైనా గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతమే. తగ్గేది గాలి పీడనం. 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో అది సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. ఎవరెస్ట్ శిఖరం మీద మూడో వంతు. అంటే ఒక్కో శ్వాసకు మనకు అందే ఆక్సిజన్ ఆ మేరకు తగ్గిపోతుంది.

అపోహ: కర్పూరం వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుంది.

పెరగదు. కర్పూరం ముక్కు లోపలి నరాలకు చల్లదనం తెలిసేలా చేస్తుంది. దాంతో గాలి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది, అంతే. ఆ భ్రమలో ఇంకా పైకి ఎక్కేయడమే ప్రమాదం. పైగా చిన్నపిల్లలు కర్పూరం మింగితే ఫిట్స్ వస్తాయి. చిన్న ఆక్సిజన్ డబ్బాలు కూడా కొన్ని నిమిషాల్లోనే ఖాళీ అవుతాయి. వాటిని నమ్ముకుని ప్రయాణం ప్లాన్ చేసుకోకండి.

అపోహ: రోజూ జిమ్‌కి వెళ్లేవాళ్లకు ఏమీ కాదు.

1962 యుద్ధ కాలంలో మైదానాల నుంచి నేరుగా లద్దాఖ్ ఎత్తులకు చేరిన జవాన్లలో చాలామందికి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. వాళ్లంతా దృఢమైన యువకులే. సైనిక వైద్యుడు ఇందర్ సింగ్, ఆయన సహచరులు ఆ దశాబ్దంలో రాసిన పరిశోధన పత్రాలను ప్రపంచమంతా చదివింది. కండబలం ఈ జబ్బును ఆపదు. కుర్రాళ్లయితే ఓపిక ఉంది కదా అని ఇంకా వేగంగా ఎక్కి మరీ తెచ్చుకుంటారు.

మైదానాల్లో పుట్టినవాళ్లకు ఎత్తు పడదన్నదీ నిజం కాదు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది. అంతకుముందు డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో శిక్షణ తీసుకుంది. ఎత్తుకు శరీరం అలవాటు పడుతుంది, కానీ దానికి వ్యవధి ఇవ్వాలి.

అపోహ: కొండవాసుల రక్తం చిక్కగా ఉంటుంది, నాలుగు రోజులుంటే మనదీ అలాగే అవుతుంది.

నేను ఎక్కువసార్లు వినేది ఇదే. ఇందులో రెండు తప్పులున్నాయి.

మొదట మన సంగతి. ఎత్తుకు చేరిన కాసేపటికే శ్వాస వేగం పెరుగుతుంది. దాంతో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తంలో క్షార గుణం పెరుగుతుంది. మెదడు దాన్ని గమనించి శ్వాసకు బ్రేకు వేస్తుంది. అందుకే రాత్రి నిద్రలో కొన్ని సెకన్లు ఊపిరి ఆగి, మళ్లీ ఒక్కసారిగా వస్తుంది. పక్కన పడుకున్నవాళ్లకు టెన్షన్ పుడుతుంది కానీ అక్కడ అది మామూలే. కిడ్నీలు రెండు మూడు రోజులు పనిచేసి రక్తంలో క్షార గుణం పెంచే అదనపు బైకార్బనేట్‌ను మూత్రంలో పంపేశాక శ్వాసకు స్వేచ్ఛ దొరుకుతుంది. మొదటి రోజుల్లో హిమోగ్లోబిన్ పెరిగినట్టు కనిపిస్తే అది ఒంట్లో ద్రవం తగ్గడం వల్ల. కొత్త ఎర్ర రక్త కణాలు సరిపడా తయారవడానికి వారాలు పడుతుంది. వారం రోజుల టూర్‌లో మనల్ని కాపాడేది శ్వాస, కిడ్నీలే.

ఇక కొండవాసుల సంగతి. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రజల రక్తం నిజంగానే చిక్కన. సుమారు 4,000 మీటర్ల ఎత్తులో చేసిన ఒక పరిశీలనలో అక్కడి మగవాళ్ల హిమోగ్లోబిన్ సగటున 19 దాటింది. అదే ఎత్తులో టిబెట్ మగవాళ్లకు 15.6 మాత్రమే, అంటే మన ఊళ్లో ఆరోగ్యంగా ఉన్న మగవాడికి ఉన్నంతే! టిబెటన్లు ఎక్కువ గాలి పీలుస్తారు. వాళ్ల రక్తంలో నైట్రిక్ ఆక్సైడ్ సంబంధిత పదార్థాలు ఎక్కువ, అందువల్ల రక్తనాళాలు విప్పారి ప్రవాహం పెరుగుతుంది. హిమోగ్లోబిన్ హద్దు దాటకుండా చూసేది ఈపాస్1 అనే జన్యువులోని ఒక మార్పు. డెనిసోవన్లు అనే అంతరించిపోయిన మానవజాతి నుంచి అది సంక్రమించిందని 2014లో తేలింది.

రక్తం చిక్కబడటం వరమేమీ కాదు. మరీ చిక్కబడితే తలనొప్పి, పెదాలు నీలం కావడం, చివరికి గుండె అలసిపోవడం. పెరూ వైద్యుడు కార్లోస్ మోంగే 1920లలో వర్ణించిన ఈ జబ్బు ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. కొండవాసులైనా కొన్నాళ్లు కింద ఉండి తిరిగి ఎక్కినప్పుడు వారి ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చని కూడా పెరూ వైద్యులే ముందుగా చూశారు.

అపోహ: ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర లక్షణాలను దాచేస్తుంది.

దాచదు. ఇది కిడ్నీలు ఎలాగూ చేసే పనినే త్వరగా చేయిస్తుంది. పెద్దలకు సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే డాక్టర్‌కు చెప్పాలి. వేళ్లలో తిమ్మిరి మామూలే.

నీళ్లు దాహాన్ని బట్టి తాగండి. బలవంతంగా లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. మొదటి రాత్రుల్లో మద్యం వద్దు, అది నిద్రలో శ్వాసను అణచివేస్తుంది.

అపోహ: తలనొప్పే కదా, ఓర్చుకుంటే పోతుంది.

తలనొప్పి, వికారం కొద్దిగా ఉంటే అదే ఎత్తులో ఆగండి. తగ్గేదాకా ఒక్క మెట్టు కూడా పైకి వద్దు. విమానంలో లేహ్ చేరినవాళ్లు కనీసం రెండు రాత్రులు అక్కడే విశ్రాంతి తీసుకోవాలి. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. అందుకే లేహ్ చేరిన మర్నాడే, అంతకంటే చాలా ఎత్తులో ఉన్న పాంగాంగ్ సరస్సు దగ్గర బస పెట్టే ప్యాకేజీలను ఒప్పుకోకండి.

కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గు ఎక్కువైతే, మాట తికమక పడితే, తిన్నగా గీత మీద అడుగులు వేయలేకపోతే వెంటనే కిందికి దిగాలి. ఆక్సిమీటర్ అంకె బాగానే ఉందని ఆగొద్దు, తెల్లారనిద్దాం అనుకోవద్దు. చాలామందికి 300 నుంచి 1,000 మీటర్లు దిగేసరికే తేడా తెలుస్తుంది. ఆక్సిజన్ దొరికితే పెట్టండి, కానీ దాని కోసం దిగడం ఆపకండి. రోగిని ఒంటరిగా పంపొద్దు. వీలైనంతవరకు నడిపించకుండా వాహనంలో కూర్చోబెట్టి దించండి.