బాలి వెళ్తున్నారా? డబ్బు మార్చే ముందు ఇది చదవండి (అపోహలు - వాస్తవాలు)

మొన్న శనివారం ఒక్క పూటలో ముగ్గురు ఇదే మాట అడిగారు. "అన్నా, బాలిలో వీధిలో మారిస్తే ఇంకా మంచి రేటు ఇస్తారంట కదా, మా ఫ్రెండ్ చెప్పాడు." విజయవాడలో ఫారెక్స్ కౌంటర్‌లో కూర్చోబట్టి 14 ఏళ్లయింది. హనీమూన్ జంటలు, పిల్లలు టికెట్లు తీసి పంపిస్తే బయల్దేరే పెద్దవాళ్లు, ఆఫీసు కుర్రాళ్ల గుంపులు, ఎవరొచ్చినా ఈ రేటు గోలే. అందుకే ముందు దీని సంగతి తేల్చి, మిగతావి గబగబా చెప్పేస్తా.

అపోహ: బోర్డు మీద ఎవరి రేటు ఎక్కువుంటే వాళ్ల దగ్గరే మార్చుకోవాలి.

బోర్డు మీద ఎంతైనా రాసుకోవచ్చు, రాతకి ఖర్చేముంది? మీ చేతికి ఎన్ని నోట్లు వచ్చాయన్నదే లెక్క. కుటా, లెగియన్ సందుల్లో బట్టల కొట్టు మూలన చిన్న బల్ల వేసుకుని 'నో కమిషన్' అని రాసుకున్న వాళ్లు కనిపిస్తారు. గూగుల్‌లో 2024లో డాలరుకి 15,650 రుపియా (బాలి ఉన్న ఇండోనేషియా డబ్బు) చూపిస్తుంటే, ఇలాంటివాడొకడు 16,000 ఇస్తానన్నాడు. బ్యాంకులు వాటిల్లో అవి కొనుక్కునే రేటు కంటే ఎక్కువ పెట్టి మీ డాలరు కొంటే వాడు బతికేదెట్లా? ఎక్కడో ఒకచోట లాగుతాడు. ఎక్కడ లాగుతాడో నాకు బాగా తెలుసు, నా దగ్గర లాగాడు కాబట్టి.

2024 ఫిబ్రవరిలో మా ఆవిడా నేనూ వెళ్లాం. కాస్త పెద్ద షాపుల్లో 15,500 ఉంది, ఈ బల్ల దగ్గర 16,000. నోట్లు లెక్కపెట్టడమే నా ఉద్యోగం, నన్నేం చేస్తాడులే అనే పొగరు ఒకటి. 200 డాలర్లు ఇచ్చాను. 32 లక్షల రుపియా రావాలి. లక్ష నోట్లు లేవంటూ అన్నీ 50 వేల నీలం నోట్లే తీశాడు, అంటే 64 నోట్లు. 20 చొప్పున కట్టలుగా పేర్చాడు. నేనూ లెక్కపెట్టాను, సరిపోయింది. అప్పుడు "ఒక్కసారి" అంటూ మొత్తం కట్ట తన చేతిలోకి తీసుకుని, అంచులు సరిచేస్తున్నట్టు బల్ల మీద టకటకా కొట్టి తిరిగిచ్చాడు. అదే సమయానికి పక్కవాడు "ఇండియా? షారుఖ్ ఖాన్!" అని మా ఆవిణ్ణి పలకరించాడు, నేనూ నవ్వుతూ అటు చూశాను. రూముకెళ్లి లెక్కపెడితే 58. ఆరు నోట్లు బల్ల అవతల వాడి ఒళ్లో రాలిపోయాయన్నమాట. పెద్ద షాపులో మార్చుకుని ఉంటే 31 లక్షలు వచ్చేవి, నాకు మిగిలినవి 29. లక్షకి ఆశపడి రెండు లక్షలు పోగొట్టుకున్నాను. మన డబ్బుల్లో వెయ్యి రూపాయల పైమాటే, ప్రాణాలు పోయేంత మొత్తం కాదు గానీ, నోట్లు లెక్కపెట్టి జీతం తీసుకునేవాణ్ణి కదా, ఆ రాత్రి అన్నం సహించలేదు. మా ఆవిడ ఇప్పటికీ కూరగాయల చిల్లర నాకిచ్చి "లెక్కపెట్టండి" అంటుంది.

కాబట్టి: అద్దాల తలుపు, కౌంటరు, ప్రింటు రసీదు ఉన్న చోటికే వెళ్లండి. బ్యాంక్ ఇండోనేషియా (మన రిజర్వ్ బ్యాంకు లాంటిది) అనుమతి ఉన్న వాళ్ల దగ్గర 'కేయూపీవీఏ బెరిజిన్' (KUPVA Berizin, అంటే అనుమతి ఉన్న మనీ ఛేంజర్) అనే గుర్తు అంటించి ఉంటుంది, అది చూడండి. ఎర్రగా ఉండే లక్ష నోట్లే అడగండి, తక్కువ నోట్లుంటే లెక్క తేలిక. చివరగా లెక్కపెట్టేది మీరే కావాలి. మీరు లెక్కపెట్టాక వాడు మళ్లీ ముట్టుకున్నాడా, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టండి. ఏమాత్రం తేడాగా అనిపించినా మీ డాలర్లు మీరు తీసుకుని వచ్చేయండి, మొహమాటం వద్దు.

ఇంకోటి, డాలర్లు ఇక్కడ తీసుకునేటప్పుడే మడతలు, ఇంకు ముద్రలు లేని 100 నోట్లు అడిగి తీసుకోండి. 10, 20 నోట్లకి అక్కడ తక్కువ రేటు కడతారు, నలిగిన నోటునైతే చాలాచోట్ల వెనక్కి తోసేస్తారు. మేం ఇచ్చాం కదా అని నలిగినవి జేబులో పెట్టుకుని వెళ్లకండి, మా దగ్గరే మార్పించుకోండి, విసుక్కుంటే విసుక్కుంటాం.

అపోహ: కార్డు మిషన్ మీద మన రూపాయల్లో చూపిస్తే అదే నొక్కాలి, ఎంత పోతుందో తెలుస్తుంది.

రేటు తర్వాత ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. రూపాయల్లో నొక్కగానే ఆ మిషన్ వెనకున్న కంపెనీ తన రేటు వేస్తుంది. నాలుగైదు శాతం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే కలిపేస్తుంది. ఆ పైన మన బ్యాంకుల్లో కొన్ని విడిగా చార్జీ కూడా వేస్తాయి. ఎప్పుడూ రుపియాలోనే కట్టండి. ఏటీఎంలో కూడా ఈ ప్రశ్న వస్తుంది, అక్కడా అంతే. అన్నట్టు అక్కడ చాలా ఏటీఎంలలో ముందు డబ్బులొస్తాయి, కార్డు ఆ తర్వాత బయటికొస్తుంది. నోట్లు చేతికి రాగానే కార్డు మర్చిపోయి వెళ్లిపోయిన వాళ్ల ఫోన్లు నాకు నెలకొకటైనా వస్తాయి.

అపోహ: ఫారెక్స్ కార్డుకి చార్జీలుండవు.

డాలర్లు వేసిన కార్డుని డాలర్లలో వాడితే ఉండవు. బాలిలో వాడేది రుపియా. మన దగ్గర అమ్మే కార్డుల్లో ఎక్కువ వాటిలో రుపియా వాలెట్, అంటే రుపియా వేసుకునే ఖాతా, ఉండదు, కాబట్టి గీకిన ప్రతిసారీ కరెన్సీ మార్పు చార్జీ పడుతుంది. అది అమ్మేవాణ్ణే చెబుతున్నా, తీసుకునే ముందు ఆ చార్జీ ఎంతో అడిగి రాయించుకోండి.

అపోహ: బాలిలో అన్నీ చవకే.

తిండి చవక, స్కూటరు అద్దె చవక. కానీ విమానం దిగేసరికే మనిషికి వీసా 5 లక్షల రుపియా. 2024 ఫిబ్రవరి 14 నుంచి పర్యాటక రుసుము మరో లక్షన్నర. ఇద్దరికీ కలిపి 13 లక్షలు, మన లెక్కలో ఏడు వేల దాకా. ఇవి బడ్జెట్‌లో రాసుకోని వాళ్లే ఎక్కువ. మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే పన్ను, సర్వీస్ చార్జి విడిగా పడతాయి, బిల్లు 15 నుంచి 21 శాతం పెరుగుతుంది. సున్నాలు చూసి కంగారొద్దు, చివరి మూడూ కొట్టేసి ఐదున్నరతో గుణించండి, మన రూపాయలు సుమారుగా తెలిసిపోతాయి.

అపోహ: ఫోన్‌పే ఉందిగా!

మారిషస్, శ్రీలంకల్లో 2024 ఫిబ్రవరిలో యూపీఐ మొదలైంది. ఆ వార్త విని ద్వీపాలన్నీ ఒకటే అనుకుంటున్నారు. బాలికి దాన్ని నమ్ముకుని బయల్దేరకండి.

అపోహ: టీసీఎస్ అంటే పోయిన డబ్బు.

కాదు. టీసీఎస్ అంటే మా దగ్గర విదేశీ డబ్బు కొన్నప్పుడు ముందుగా పట్టుకునే పన్ను. మీ పాన్ మీద జమవుతుంది, 26ఏఎస్ అనే మీ పన్ను వివరాల పత్రంలో కనిపిస్తుంది, రిటర్ను వేసినప్పుడు సర్దుకుంటుంది. పాన్ సరిగ్గా ఇవ్వండి చాలు.

ఆ మధ్య తెనాలి నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. డాలర్లు తీసుకుని చాలాసేపు కదల్లేదు. చివరికి మెల్లగా "బాబూ, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారా? జాకెట్ లోపల కుట్టుకోమంటావా?" అని అడిగారు. ఎవరో బెదరగొట్టారు పాపం. ఏమీ కుట్టక్కర్లేదమ్మా, మనిషికి 3,000 డాలర్ల వరకు నోట్లు తీసుకెళ్లొచ్చు, మా బిల్లు పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోండి అని చెప్పి, బిల్లు ఆవిడ చేతికే ఇచ్చాను. వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి బిల్లు చూపించి "ఇదేగా?" అన్నారు.

ఇక మిగిలిన రుపియా నోట్లు మా దగ్గరికి తెస్తే కొంటాం గానీ రేటు మీకు నచ్చదు. అక్కడే హోటల్ బిల్లులో కట్టేసి రండి. నాణేలైతే కొనం. నా బల్ల మీద హార్లిక్స్ సీసా ఒకటుంది, "ఇవి మీరే ఉంచుకోండి" అని వదిలేసినవే అన్నీ, సగానికి వచ్చింది.