ఊరి పేరు చెబితే ఫైలు దొరకదు: ఆర్కైవ్స్ గురించి అపోహలు - వాస్తవాలు

ఆర్కైవ్స్‌లో పనిచేస్తానని తెలిస్తే చాలు, మద్రాసులోని మన తెలుగువాళ్ళు అడిగేది ఒకటే: "మా ఊరి చరిత్ర మీ దగ్గరుందా?" చాలావరకు ఉంటుంది. వెతికే దారిలోనే కొన్ని నమ్మకాలు అడ్డుపడుతుంటాయి.

అపోహ: పాత కాగితాలన్నీ లండన్ పోయాయి, మిగిలినవి హైదరాబాదు పోయాయి.

రెండింట్లోనూ కొంత నిజముంది. ఊళ్ళ చరిత్రలు, రాతప్రతులు సేకరింపజేసిన సర్వేయర్ కాలిన్ మెకంజీ 1821లో చనిపోయాక ఆయన సేకరణలో కొంత లండన్ చేరింది. ఆయన సహాయకులైన కావలి సోదరులు, వాళ్ళ మనుషులు ఊరూరా తిరిగి సేకరించిన తెలుగు కైఫియతులు, అంటే ఊళ్ళ చరిత్రలు మాత్రం చాలావరకు మద్రాసుకే వచ్చాయి, ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. ఆంధ్ర జిల్లాల కలెక్టరేట్ రికార్డులు కొన్ని హైదరాబాదు వెళ్ళాయి. కానీ ఆ కలెక్టర్లకు జవాబులిచ్చిన రెవెన్యూ బోర్డు మద్రాసులో ఉండేది. దాని ప్రొసీడింగ్స్ (ఉత్తరాలు, నిర్ణయాల రికార్డు) ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో చూడొచ్చు.

అపోహ: ఊరి పేరు చెబితే ఫైలు తీసిస్తారు.

ఎక్కువమంది నిరాశపడి వెళ్ళిపోయేది ఇక్కడే. కాగితం ఏ ఆఫీసులో పుట్టిందో ఆ ఆఫీసు వరసలోనే ఉంచుతాం. ఊళ్ళవారీగా విడదీస్తే ఎవరు ఎవరికి ఎందుకు రాశారన్న ఆనవాలు పోతుంది. అందుకే శాఖ, సంవత్సరం, అప్పటి జిల్లా తెలుసుకుని రావాలి. జిల్లాతోనే పెద్ద చిక్కు. ఒంగోలువాళ్ళు ప్రకాశం అని వెతుకుతారు; ఆ జిల్లా ఏర్పడిందే 1970లో. అంతకుముందు గుంటూరు, 1904కి ముందు నెల్లూరు. ఏలూరు 1904 నుంచి 1925 దాకా కృష్ణా జిల్లాలో ఉంది. చిత్తూరు కోసమైతే 1911కి ముందు ఉత్తర ఆర్కాటులో చూడాలి. ఫసలీ (పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం) కనిపిస్తే 590 కలపండి: ఫసలీ 1270 అంటే 1860-61.

ఎక్కడ మొదలుపెట్టాలంటే నేను ఇనాం (పన్ను లేకుండానో తక్కువ పన్నుకో ఇచ్చిన భూమి) రిజిస్టర్లే చెబుతాను. 1858లో మొదలైన ఇనాం కమిషన్ పుణ్యమా అని గుడి మాన్యమైనా, అగ్రహారమైనా, చెరువు కోసం ఇచ్చిన దశబంధమైనా ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, ఎవరి అనుభవంలో ఉందన్నది వరసగా దొరుకుతుంది.

అపోహ: కైఫియత్తులో ఉందంటే తిరుగులేదు.

చాలా కైఫియతులకు ఆధారం కరణాల దండకవిలెలు (ఊరి సంగతులు, లెక్కలు రాసుకున్న పాత పుస్తకాలు), వాళ్ళ నోటి మాట. మాన్యం ఉన్నవాడికి అది ఎంత పాతదైతే అంత మేలు. కథల్లో వినిపించే ముక్కంటి మహారాజు కాలంలో ఇచ్చారని రాసుంటే నేను కాస్త ఆగుతాను. అదే పత్రంలో చెరువుల పేర్లు, పన్నులు, తగాదాలు చెప్పేచోట మాత్రం నమ్మకం పెరుగుతుంది, అవి ఆనాటి వాళ్ళ కళ్ళముందున్నవి కాబట్టి. రాజుల కథ దాటేసి అక్కడి నుంచి చదవమంటాను.

అపోహ: లామినేషన్ చేయిస్తే పత్రం పదిలం.

దయచేసి వద్దు. వేడికి ప్లాస్టిక్ కాగితానికి అతుక్కుపోతుంది, మళ్ళీ ఊడదీయలేం. సెల్లో టేపూ అంతే, జిగురు పసుపెక్కి అక్షరాల్లోకి దిగుతుంది. పాలిస్టర్ కవరులో వదులుగా పెడితే చాలు. నాఫ్తలీన్ ఉండలు చెదల్ని ఆపవు. 2015 డిసెంబరు వరదల తర్వాత ఈ ఊళ్ళో ఎన్నో ఇళ్ళల్లో తడిసిన దస్తావేజులు మేడమీద ఎండలో పరిచారు. ఎండకు కాగితం వంకర్లు పోతుంది, సిరా వెలుస్తుంది. నీడలో, ఫ్యాను గాలికి, మధ్యలో పీల్చే కాగితాలు పెట్టి ఆరబెట్టాలి. రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది.

అపోహ: స్కాన్ చేశాక అసలు పారేయొచ్చు.

హార్డ్ డిస్కు చెడిపోయినప్పుడు తెలుస్తుంది.

అపోహ: మా ఇంట్లోవి ఒట్టి చిత్తు కాగితాలు.

టి.నగర్‌లోనో వడపళనిలోనో పాత ఇల్లు ఫ్లాట్లకు ఇస్తూ పాతపేపర్లవాడికి తూకానికి వేసే మూటల్లో అచ్చాఫీసు బిల్లులుంటాయి, సినిమా కంపెనీ జీతాల పుస్తకాలుంటాయి, పెళ్ళి శుభలేఖలు, కిరాణా పద్దులు ఉంటాయి. మద్రాసు తెలుగువాళ్ళు ఎలా బతికారో తెలుసుకోవాలంటే నాకు కావలసినవి అవే. తాటాకు గ్రంథాల్ని జనం ఎలాగూ భద్రంగా దాస్తారు.

ఆర్కైవ్స్‌కు ఇవ్వాలనుకుంటే కట్టలు విప్పి సర్దకండి. పాత దారం పాత దారంలాగే ఉండనివ్వండి. ఎవరివి, ఏ గదిలో ఏ బీరువాలో ఉండేవి, మీకు వాళ్ళేమవుతారు అన్నది విడి చీటీ మీద పెన్సిల్‌తో రాసి కట్టలో పెట్టండి. బాల్‌పెన్‌తో రాయొద్దు, సిరా పక్క కాగితానికి అంటుకుంటుంది.