గేమింగ్ ప్యానెల్, పార్టీ నడపబోయే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

సెప్టెంబర్ మొదట్లో వచ్చే లేబర్ డే వారాంతంలో అట్లాంటా హోటళ్లలో జరిగే డ్రాగన్ కాన్ అనే అభిమానుల కన్వెన్షన్‌కి ఈసారి మీరు వాలంటీర్లుగా వెళ్తున్నారని, ఆన్‌లైన్ ఆటల మీద ఒక ప్యానెల్ (వేదిక మీద చర్చ), అదే రాత్రి ఒక పార్టీ మీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషం వేసింది. 1987లో మొదలైన ఆ కన్వెన్షన్‌కి 2019లో 85 వేల మంది దాకా వచ్చారు. అంత పెద్దదైనా ఈరోజుకీ దాన్ని నడిపేది వాలంటీర్లే. మీ గదిలో ఏది తేడా వచ్చినా చూసుకోవలసింది మీరే కాబట్టి ఈ ఉత్తరం కాస్త పొడుగ్గానే రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి.

ముందు మీ గదికి వచ్చేవాళ్లెవరో ఆలోచించండి. వాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి కలిసి ఆడారు, కానీ ఒకరి మొహం ఒకరు ఎప్పుడూ చూడలేదు. గొంతు తెలుసు, ఆటలో పాత్ర పేరు తెలుసు, పక్కగదిలో కుక్క మొరిగితే అది ఎవరి కుక్కో కూడా తెలుసు. మనిషి ఎదురుపడితే మాత్రం గుర్తుపట్టలేరు. వాళ్లు ఒకరినొకరు కనుక్కునేలా చేయడమే మీ అసలు పని. వేదిక మీద ఎంత పేరున్నవాళ్లను కూర్చోబెట్టామన్నది ఆ తర్వాతి సంగతి.

అందుకే ఖర్చు పెట్టాల్సిన మొదటి వస్తువు పేరు స్టిక్కర్లు. నాలుగంగుళాల వెడల్పువి తీసుకోండి, చిన్నవి వద్దు. దాని మీద పాత్ర పేరు పెద్దక్షరాల్లో, కింద ఆట, సర్వర్ (ఆట నడిచే కంప్యూటర్), గిల్డ్ (కలిసి ఆడే జట్టు). అసలు పేరు అడగొద్దు, వాళ్లే చెబితే సరే. సన్న పెన్నుతో రాసింది రెండడుగుల దూరం నుంచి కనబడదు, లావు మార్కర్లు కావాలి. ఒకటి రెండు మార్కర్లే ఉంటే గుమ్మం దగ్గరే జనం ఆగిపోతారు, కనీసం పది పెట్టండి. గోడకి ఆటకొక చార్టు అంటించి, అందులో సర్వర్ల వారీగా గళ్లు గీయండి. వచ్చినవాళ్లు తమ పాత్ర పేరు తగిన గడిలో రాస్తారు. పది నిమిషాల్లో ఆ చార్టు ముందు జనం పోగై, "నువ్వేనా అది!" అని మొదలుపెడతారు. హోటల్ గోడలకి టేపు అంటించనివ్వని చోట చార్టుల్ని స్టాండు మీద గానీ బల్ల మీద గానీ పెట్టాలి, ముందే అడగండి. బ్యాడ్జీ కింద అంటించుకునే రిబ్బన్లంటే అక్కడివాళ్లకి పిచ్చి ఇష్టం. గేమ్‌కి సంబంధించిన మాట ఏదైనా అచ్చు వేయించి పంచితే మీ గది పేరు హోటళ్లన్నీ తిరుగుతుంది.

ఇక ప్యానెల్. అక్కడ ప్యానెళ్లు గంటన్నరకొకటి మొదలవుతాయి: పదికి, పదకొండున్నరకి, ఒంటిగంటకి, అలా. మాట్లాడే సమయం గంటే. మిగతా అరగంట పాతవాళ్లు బయటికి వెళ్లడానికి, కొత్తవాళ్లు కూర్చోవడానికి. మీరు ఐదు నిమిషాలు ఎక్కువ తీసుకుంటే ఆ మేరకు తర్వాతి ప్యానెల్ వాళ్ల ఏర్పాటు సమయం మింగేసినట్టే. వేదిక మీద మోడరేటర్‌తో కలిపి ఐదుగురు చాలు. ఏడుగురైతే ఒక్కొక్కరికి దక్కేది నాలుగు మాటలే. పరిచయాలకి తలా అర నిమిషం ఇవ్వండి. దీన్ని వదిలేస్తే పరిచయాలే పావుగంట తినేస్తాయి. ఆ తర్వాత అరగంట చర్చ, ఇరవై నిమిషాలు ప్రేక్షకుల ప్రశ్నలు, 55వ నిమిషానికి ముగింపు.

మోడరేటర్ తనకి తెలిసింది చెప్పడానికి కూర్చోడు. బంతిలో వడ్డించేవాడిలా ఎవరి విస్తరి ఖాళీగా ఉందో కనిపెడుతూ ఉండాలి. పదిహేను నిమిషాలుగా నోరు విప్పనివాళ్లని పేరు పెట్టి అడగాలి. ప్రశ్నలు ముందే పది రాసి పెట్టుకోండి, ఆరు వాడతారు. "ఈ ఆట మీకెందుకు ఇష్టం?" అని అడిగితే నలుగురూ ఒకటే జవాబు చెబుతారు. అదే, 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో పెద్ద రెయిడ్‌కి (గుంపుగా చేసే దాడికి) 40 మంది కావాల్సి వచ్చేది కదా, అంతమందిని వారం వారం ఒకే వేళకి ఎలా కూడగట్టారు, రానివాళ్లని ఏం చేశారు, దొరికిన ఒక్క కత్తిని ఎవరికిచ్చారు అని అడగండి. ఎవరి కథ వాళ్లు చెబుతారు, హాలంతా నిటారుగా కూర్చుంటుంది. ఆట తయారుచేసిన కంపెనీవాళ్లు వేదిక మీద ఉంటే రాబోయే వాటి గురించి గుచ్చిగుచ్చి అడగొద్దు. చెప్పకూడదని ఒప్పందం మీద సంతకం చేసి ఉంటారు. ఇప్పటికే విడుదలైన ఒక మార్పుని ఎందుకు అలా చేశారని అడిగితే మనసు విప్పి మాట్లాడతారు.

మైకు నోటికి పిడికిలంత దూరంలో ఉండాలి. కొందరు దాని జాలీ తల చుట్టూ చెయ్యి మూసి పట్టుకుంటారు, స్పీకర్లు కీచుమంటాయి. పట్టుకోవాల్సింది కింది కాడని. ప్రేక్షకుల మైకుని స్టాండుకి బిగించి నడవలో పెట్టండి, చేతికిస్తే తిరిగి రాదు. అడిగిన ప్రశ్నని మోడరేటర్ మళ్లీ ఒక్క వాక్యంలో చెప్పాలి, వెనక వరసకి వినబడేది అదే. పది నిమిషాలు మిగిలున్నప్పుడు ప్రశ్నలడిగేవాళ్ల లైన్‌ని మూసేసి, ఎవరు ఆఖరో చెప్పేయండి. గంటసేపు నిలబడి అడగలేకపోయినవాళ్ల బాధ మామూలుగా ఉండదు.

వేదిక మీద లైవ్‌గా ఆట ఆడి చూపిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. 2019 ఆగస్టు 26న అమెరికాలో వావ్ క్లాసిక్ (వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ పాత రూపం) సర్వర్లు తెరుచుకున్నాయి, ఆ వారం చివర్లోనే డ్రాగన్ కాన్. జనం కిక్కిరిసిన సర్వర్లలో లాగిన్ వరసే వేలల్లో ఉండేది. అప్పుడు స్టేజీ మీద లైవ్ డెమో పెట్టుకుంటే గంటంతా క్యూ నంబరు చూస్తూ కూర్చోవాలి. చూపించాల్సింది ముందే రికార్డు చేసి, ఫైలుని ల్యాప్‌టాప్‌లోనే పెట్టుకోండి, ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో. హెచ్‌డీఎంఐ తీగతో బొమ్మ తెర మీద పడినా, శబ్దం హాలు స్పీకర్లకి చేరకపోవచ్చు. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి హాలు సౌండ్ మిక్సర్‌కి వెళ్లే ఆడియో తీగ ఒకటి వెంట ఉంచుకోండి. నోటిఫికేషన్లు ఆపేయడం మరిచిపోకండి, మీ అమ్మ పంపిన మెసేజ్ పదడుగుల తెర మీద కనబడకూడదు.

ప్యానెల్‌కి ఏ విషయం తీసుకోవాలని తర్జనభర్జన పడుతుంటే మూతపడిన ఆటల గురించి ఆలోచించండి. సిటీ ఆఫ్ హీరోస్ అనే ఆట 2004లో వచ్చింది, 2012 నవంబర్ 30న కంపెనీ సర్వర్లు ఆపేసింది. ఆడినవాళ్లు చెదిరిపోలేదు. తర్వాత అభిమానులే సర్వర్లు నడిపారు, 2024 జనవరిలో హోమ్‌కమింగ్ అనే అభిమానుల బృందానికి ఆ కంపెనీయే లైసెన్సు ఇచ్చింది. పుస్తకమైతే అలమరలో ఉంటుంది. ఆన్‌లైన్ ఆటకి సర్వర్ ఆగితే ఊరు ఊరంతా పోయినట్టే, మిగిలేది మనుషులు. అలాంటివాళ్లకి ఒక గంట, ఒక గది ఇవ్వడం చాలా విలువైన పని.

రాత్రి పార్టీకి పదహారు కంప్యూటర్లు పెట్టాలనుకుంటున్నారట. ముందు కరెంటు లెక్క చూడండి. అమెరికాలో 120 వోల్టులు, హాళ్లలో సాధారణంగా 20 ఆంపియర్ల సర్క్యూట్ (ఒక బ్రేకర్ మీద నడిచే లైన్). గుణిస్తే 2,400 వాట్లు, కానీ గంటల తరబడి వాడే లోడుకి అందులో 80 శాతమే లెక్కేసుకోవాలి, అంటే 1,920. గేమింగ్ కంప్యూటర్, మానిటర్ కలిపి 450 వాట్లు అనుకుంటే ఒక సర్క్యూట్‌కి నాలుగే. పదహారుకి నాలుగు వేరువేరు సర్క్యూట్లు కావాలి. గోడ మీద పక్కపక్కనే ఉన్న రెండు సాకెట్లు చాలావరకు ఒకే సర్క్యూట్ మీద ఉంటాయి, రెండు కనబడ్డాయి కదా అని మోసపోవద్దు. ఏ సాకెట్ ఏ బ్రేకర్ మీదుందో హోటల్ ఎలక్ట్రీషియన్‌ని అడిగి, టేపు ముక్క మీద నంబరు రాసి అంటించండి. పార్టీ మధ్యలో ఎవరో కాఫీ పాత్ర తెచ్చి అదే వరసలో పెడతారు, అదొక్కటే 1,500 వాట్లు లాగుతుంది, నాలుగు కంప్యూటర్లూ ఠక్కున ఆగిపోతాయి. ఒక పవర్ స్ట్రిప్‌కి ఇంకో స్ట్రిప్ తగిలించడం అసలు చేయొద్దు, అది నిప్పుతో చెలగాటం. నడవలో తీగల మీద గాఫర్ టేపే (జిగురు వదలకుండా ఊడొచ్చే గుడ్డ టేపు) వేయండి. డక్ట్ టేపు వేస్తే జిగురు కార్పెట్‌కి పట్టుకుంటుంది, ఆ బిల్లు మీకే వస్తుంది. ఇదే పని రేపు హైదరాబాద్‌లో చేయాల్సి వస్తే అక్కడ 230 వోల్టులు కాబట్టి లెక్క వేరు, మళ్లీ వేసుకోండి.

నెట్‌వర్క్ విషయంలో చాలామంది తప్పుగా భయపడతారు. ఆడటానికి డేటా ఎక్కువ పట్టదు, పదహారు మందికీ కలిపి సెకనుకి నాలుగైదు మెగాబిట్లు చాలు. కొంప ముంచేది అప్‌డేట్లు. ఒక్కో కంప్యూటర్‌కి 20 గిగాబైట్లంటే మొత్తం 320. సెకనుకి 100 మెగాబిట్ల లైన్ మీద అది దిగడానికి ఏడు గంటలు. ముందురోజే ప్రతి ఆటా తెరిచి, అప్‌డేట్ పూర్తయి లాగిన్ తెర వచ్చేదాకా చూసి మూయండి. హోటల్ వైఫైని నమ్ముకోవద్దు: లాగిన్ పేజీ అడ్డం వస్తుంది, ఒక యంత్రం ఇంకో యంత్రానికి కనబడకుండా అడ్డుగోడ ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ ఇంకా అన్యాయం, అన్ని వేలమంది అదే టవర్ మీద ఉంటారు. హోటల్ నుంచి తీగ లైన్ అడిగి తీసుకుని, 24 పోర్టుల గిగాబిట్ స్విచ్ (ఒక లైన్‌ని అన్ని కంప్యూటర్లకీ పంచే పెట్టె) పెట్టి, కంప్యూటర్‌కొక క్యాట్ 6 నెట్‌వర్క్ తీగ ఇవ్వండి.

అన్నీ సరిగ్గా పెట్టినా ఒక్కసారిగా నెట్‌వర్క్ పడిపోతే రెండు చోట్ల వెతకండి. ఒకటి, ఎవరో ఒకే తీగ రెండు కొసలూ స్విచ్‌లోనే గుచ్చి ఉంటారు, పంపిందే మళ్లీ మళ్లీ తిరిగి స్విచ్ ఊపిరాడక ఆగిపోతుంది. రెండు, ఎవరో ఇంటి నుంచి తెచ్చిన రౌటర్ తగిలించి ఉంటారు, అది తన సొంత అడ్రసులు పంచుతూ ఉంటుంది. పోర్టు పక్కన బల్ల నంబరు రాసి ఉంటే అది ఎవరి తీగో నిమిషంలో దొరుకుతుంది.

ఇంకొకటుంది, పార్టీ మొదలయ్యాక గానీ బయటపడదు. కొత్త చోటు నుంచి లాగిన్ అయితే ఆట కంపెనీ మెయిల్‌కో ఫోన్‌కో కోడ్ పంపుతుంది. బేస్‌మెంట్ హాల్లో సిగ్నల్ ఉండదు, కోడ్ రాదు, మనిషి దిగులుగా నిలబడి ఉంటాడు. అథెంటికేటర్ యాప్ నెట్ లేకపోయినా కోడ్ ఇస్తుంది, దాన్ని పెట్టుకుని రమ్మని ఆహ్వానంలోనే రాయండి. ఆడి లేచేటప్పుడు లాగౌట్ చేయించే బాధ్యత ఒకరికి అప్పగించండి.

ఇంత చెప్పాక కూడా నా సలహా ఏమిటంటే, కంప్యూటర్లు ఎనిమిదికి తగ్గించి, పార్టీలో ఆటల మీద క్విజ్ ఒకటి పెద్దగా పెట్టండి. కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లు తెరనే చూస్తారు, ఇంట్లోనూ చేసేది అదే కదా. క్విజ్‌లో జట్టుకి ఐదుగురు, వేరువేరు ఆటలవాళ్లని కలిపి వేయండి. పది ప్రశ్నల చొప్పున నాలుగు రౌండ్లు, మొత్తం గంటన్నర. ఒక రౌండ్ శబ్దాలకే కేటాయించండి: లాగిన్ సంగీతం ఐదు సెకన్లు వినిపించి ఏ ఆటో చెప్పమనండి, గది హోరెత్తిపోతుంది. ప్రశ్నలో ఏడాది గానీ వెర్షన్ గానీ తప్పకుండా ఉండాలి. వావ్‌లో పాత్ర చేరగల గరిష్ఠ స్థాయి ఎంతని ఊరికే అడిగితే 2004 నాటిదైతే 60, 2007లో 70, 2008లో 80. ఆ తర్వాత 120 దాకా పెంచి, 2020లో కుదించి మళ్లీ 60 చేశారు. నాలుగు జట్లు నాలుగు జవాబులు చెబుతాయి, నాలుగూ సరైనవే, ఆ గొడవ తీర్చడం మీ తరం కాదు.

గది బయట రాసి ఉన్న సంఖ్య కంటే ఒక్కరిని కూడా ఎక్కువ పంపొద్దు, అది అగ్నిమాపక నిబంధన. జార్జియాలో 21 ఏళ్ల లోపువారికి మద్యం ఇవ్వకూడదు, బార్ ఉన్న పార్టీ అయితే వయసు చూసి చేతిపట్టీ కట్టే పని పెద్దవాళ్లకే వదిలేయండి. వేషం వేసుకొచ్చినవాళ్ల ఫొటో తీసే ముందు అడగాలి, వేషాన్నీ రెక్కల్నీ ముట్టుకోకూడదు. ఎవరైనా మిమ్మల్ని గానీ ఇంకొకరిని గానీ ఇబ్బంది పెడితే మీరే వాదనకి దిగకుండా కన్వెన్షన్ సెక్యూరిటీని పిలవండి. ఎన్నేళ్లు కలిసి ఆడినవారైనా సరే, మొదటిసారి చూసిన మనిషికి ఉంటున్న హోటల్ గది నంబరు చెప్పొద్దు. శబ్దం తక్కువున్న ఒక మూల నాలుగు కుర్చీలు, నీళ్లు పెట్టండి. ఆన్‌లైన్‌లో మైకులో మాత్రమే ధైర్యంగా మాట్లాడేవాళ్లు ఎందరో ఉంటారు, వాళ్లు కాసేపు అక్కడ కూర్చుని మళ్లీ వస్తారు.

కన్వెన్షన్లలో పాత లెక్క ఒకటుంది: రోజుకి ఐదు గంటల నిద్ర, రెండు పూటల భోజనం, ఒక స్నానం. నన్నడిగితే నిద్ర ఆరు చేయండి. మారియట్ మార్క్విస్ హోటల్లో లిఫ్టుల కోసం చాలాసేపు నిలబడాల్సి వస్తుంది, గదికి వెళ్లి వస్తామంటే అరగంట కలుపుకోండి. హయత్, మారియట్, హిల్టన్‌ల మధ్య పైనుంచే వెళ్లే వంతెనలున్నాయి, ఎండలో సామాన్లు మోయక్కర్లేదు. బ్యాడ్జీ పోతే మళ్లీ ఇవ్వరు, మెడలోంచి తీయకండి.

కమింగ్, ఆల్ఫరెటా ఊళ్ల వైపు నుంచి వచ్చేవాళ్లు కారు నార్త్ స్ప్రింగ్స్ స్టేషన్లో పెట్టి రెడ్ లైన్ రైలు ఎక్కితే నేరుగా హోటళ్ల దగ్గరి పీచ్‌ట్రీ సెంటర్‌లో దిగొచ్చు. తిరుగు ప్రయాణం మాత్రం జాగ్రత్త. రాత్రి పొద్దుపోయాక మామూలుగా రెడ్ లైన్ రైళ్లు లిండ్‌బర్గ్ సెంటర్ దాకానే వస్తాయి. గోల్డ్ లైన్‌లో అక్కడిదాకా వెళ్లి మారాలి. ఆఖరి రైలు వేళ అదే రోజు చూసుకుని, పార్టీ ముగింపు దానికి గంట ముందుండేలా పెట్టండి. తీగలు చుట్టి బల్లలు సర్దడానికి ఆ గంట సరిగ్గా సరిపోతుంది.

ప్యానెల్ ప్రశ్నలు రాయడం అయ్యాక నాకు పంపండి, చూసిపెడతాను. క్విజ్ జవాబులు కూడా.

మీ
బాబాయి