సుత్తి కంటే ముందు పానా

విశాఖ బీచ్ రోడ్డు మీదో భీమిలి దారిలోనో రోజూ తిరిగే బైకుకు వెనక టైరు పంక్చరైందంటే అసలు పరీక్ష ట్యూబు దగ్గర కాదు, చక్రం మధ్యలోంచి దూరే ఇరుసు రాడ్డు, అంటే యాక్సిల్ దగ్గర. నట్టు ఊడి వస్తుంది, రాడ్డు మాత్రం కదలదు. దాన్ని పట్టేసిన తుప్పు చక్రం నడిమధ్యలో ఉంటుంది.

యాక్సిల్ రెండు బేరింగుల లోపలి రింగుల్లోంచి, వాటి మధ్య ఉన్న గొట్టంలోంచి దూరి వెళ్తుంది. అక్కడ ఖాళీ అతి తక్కువ. ఇనుము తుప్పుగా మారితే రెండింతలకు పైగా చోటు కావాలి. చోటు లేక ఆ తుప్పు రాడ్డునూ రింగునూ కలిపి బిగించేస్తుంది. విశాఖలో దీనికి ఉప్పు తోడవుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే పేరుకున్న ఉప్పు తేమను లాక్కుని తానే ద్రవమైపోతుంది. వాన పడకపోయినా మన తీరంలో చాలా రాత్రులు ఇదే జరుగుతుంది.

ముందు కాటర్ పిన్ (నట్టు ఊడకుండా గుచ్చే పిన్ను), బ్రేకు రాడ్డు, టార్క్ రాడ్డు (బ్రేకు ప్లేటు తిరగకుండా పట్టేది) తీసి, చైన్ బిగువు సరిచేసే అడ్జస్టర్లు వదులు చేయండి. సందుల్లోకి పాకే పలచటి పెనెట్రేటింగ్ ఆయిల్ యాక్సిల్ రెండు కొసల్లోనూ, స్పేసర్ల (చక్రానికీ, దాన్ని మోసే చట్రపు చేయి స్వింగ్ ఆర్మ్‌కూ మధ్య ఉండే చిన్న గొట్టాలు) అంచుల్లోనూ కొట్టి రాత్రంతా వదిలేయండి. ఇంజనాయిల్ చిక్కన, అంత సన్నని సందులోకి పాకదు.

తర్వాత యాక్సిల్ తలకు పానా వేసి అటూ ఇటూ తిప్పండి. తుప్పు పొర మెలితిప్పుడుకు విరుగుతుంది. తల చదునుగా చెక్కి అడ్జస్టర్‌లో కూర్చునే రకమైతే ఈ వీలుండదు. మరీ సాఫీగా తిరిగితే సంబరపడకండి: బేరింగు లోపలి రింగు కూడా రాడ్డుతో పాటే తిరుగుతోందన్నమాట, పట్టు అలాగే ఉంది.

సుత్తి అప్పుడు తీయాలి. నట్టును మళ్ళీ ఎక్కించి, దాని ముఖం రాడ్డు కొసతో సమంగా ఉంచండి, రాడ్డు మీది మరలు చెడకుండా బతుకుతాయి. సుత్తికీ రాడ్డుకూ మధ్య ఇత్తడి ముక్క పెట్టి, కిలోకి తగ్గని సుత్తితో ఒక్కో దెబ్బా గట్టిగా వేయండి. చిన్న సుత్తితో టకటకా కొడితే ఆ శక్తంతా కొసను పుట్టగొడుగులా విప్పడానికే పోతుంది, ఆ విప్పారిన కొస స్వింగ్ ఆర్మ్ రంధ్రంలో దూరదు. ఎదుటి వైపు స్వింగ్ ఆర్మ్‌కు చెక్క దన్ను పెట్టకపోతే అది ఊగి దెబ్బను మింగేస్తుంది.

గ్యాస్ మంట గురించి ఒక మాట. బేరింగులు కూర్చునే చక్రం నడిమి భాగం, అల్యూమినియం హబ్‌ను కాలిస్తే వదులయ్యేది బేరింగు బయటి రింగు, యాక్సిల్ కాదు. పైగా ఆయిల్ కొట్టిన చోట మంట పెట్టడం ప్రమాదం.

ఏదీ పనిచేయకపోతే స్వింగ్ ఆర్మ్‌కూ స్పేసర్‌కూ మధ్య హ్యాక్సా బ్లేడు దూర్చి యాక్సిల్‌ను రెండు పక్కలా కోసేయడమే. యాక్సిల్, బేరింగులు, స్పేసర్లు కొత్తవి పడతాయి, కానీ స్వింగ్ ఆర్మ్ వంకరపోవడం కన్నా ఇది చవక.

బిగించేటప్పుడు గొట్టం లోపలి తుప్పును ఎమరీతో గీకి, యాక్సిల్ పొడవునా పలచగా గ్రీజు పూయండి. మాన్యువల్ చెబితే తప్ప మరలకు గ్రీజు వద్దు, జారుడుకు అదే టార్క్‌లో (పానా తిప్పే బలంలో) నట్టు ఎక్కువ బిగుస్తుంది. కాటర్ పిన్ కొత్తదే వేయండి. పంక్చరు షాపుల్లో చాలాసార్లు యాక్సిల్‌ను గుడ్డతో తుడిచి పొడిగానే తోసేస్తారు, పక్కనే నిలబడి గ్రీజు పెట్టించండి.