మూడు రిసెప్టర్లంటే మూడింతల ఫలితమా? అపోహలు – వాస్తవాలు

బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి ఓపీలో ఈమధ్య పదేపదే వినిపిస్తున్న మాట: "డాక్టర్‌గారూ, సెమాగ్లుటైడ్ ఒక రిసెప్టర్ మీద, టిర్జెపటైడ్ రెండింటి మీద, రెటాట్రుటైడ్ మూడింటి మీద పనిచేస్తాయట. మరి మూడోదే రాయండి."

అపోహ: రిసెప్టర్లు (కణాల మీద హార్మోన్లు, మందులు అతుక్కుని పనిచేసే చోట్లు) ఎక్కువైతే మందు అంత మేలు.

మారిటైడ్ అనే మరో మందుని చూడండి. జీఎల్‌పీ-1, జీఐపీ అనేవి తిన్నాక పేగుల్లోంచి వచ్చే హార్మోన్లు. మారిటైడ్ జీఎల్‌పీ-1 రిసెప్టర్‌ని ప్రేరేపిస్తుంది, జీఐపీ రిసెప్టర్‌ని అడ్డుకుంటుంది. టిర్జెపటైడ్ ఆ రెండింటినీ ప్రేరేపిస్తుంది. ట్రయల్స్‌లో రెండింటితోనూ బరువు తగ్గింది. కాబట్టి రిసెప్టర్లను లెక్కపెట్టి మందును ఎంచుకోలేం.

వేర్వేరు ట్రయల్స్‌లోని శాతాలను పోల్చడం కూడా అంతే. టిర్జెపటైడ్‌తో 20.2, సెమాగ్లుటైడ్‌తో 13.7 శాతం బరువు తగ్గిందన్న 2025 నాటి సర్మౌంట్-5 ట్రయల్ ఫలితాన్ని నమ్మొచ్చు. రెండింటినీ ఒకే ట్రయల్‌లో 72 వారాలు పోల్చి చూశారు. రెటాట్రుటైడ్ పేరుతో తిరుగుతున్న 24.2 శాతం మాత్రం 338 మందితో జరిగిన ఫేజ్-2 ట్రయల్‌లో, 12 మి.గ్రా. డోసుతో, 48 వారాలకు వచ్చింది. వాళ్లెవరికీ షుగర్ లేదు. షుగర్ ఉంటే ఫలితం తగ్గుతుంది: టిర్జెపటైడ్ 15 మి.గ్రా.తోనే షుగర్ లేనివాళ్లు సగటున 20.9 శాతం తగ్గితే, ఉన్నవాళ్లు 14.7 శాతమే తగ్గారు.

అసలు ప్రమాదం "రీసెర్చ్ కోసం మాత్రమే" అని అమ్మే వయల్స్‌తో. నేనిది రాసేనాటికి రెటాట్రుటైడ్‌కి అనుమతి లేదు. ఒక కుర్రాడు తెచ్చి చూపించాడు: తెల్ల పొడి, రబ్బరు మూత, తయారీదారు పేరు లేని స్టిక్కర్. 10 మి.గ్రా. పొడిని 2 మి.లీ. నీటిలో కలిపి 40 యూనిట్లు తీసుకోమని ఎవరో వాట్సాప్‌లో పంపారట. ఆ లెక్క మి.లీ.కి 100 యూనిట్ల గీతలుండే ఇన్సులిన్ సిరంజిది, అందులో వచ్చేది 2 మి.గ్రా. అతని చేతిలో ఉన్నది మన మందుల షాపుల్లో దొరికే ఎర్ర మూత సిరంజి, మి.లీ.కి 40 యూనిట్లది. దాంట్లో 40 యూనిట్లంటే పూర్తి మి.లీ., అంటే 5 మి.గ్రా.! ట్రయల్‌లో 4 మి.గ్రా.తో మొదలుపెట్టిన వాళ్లకే, 2తో మొదలైన వాళ్లకంటే వాంతులు, వికారం ఎక్కువ. ఇక లోపలున్నది ఆ మందేనని ఎవరు చెప్పగలరు?

అతన్ని నేను తిట్టలేదు. ప్రతి పెళ్లిలోనూ "ఇంకా లావయ్యావేంట్రా" అనిపించుకునేవాడి టెన్షన్ నాకు అర్థమవుతుంది. అమ్మేవాళ్ల మీదే నా కోపం.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. రెటాట్రుటైడ్ పనిచేసే మూడో రిసెప్టర్ గ్లూకగాన్ అనే హార్మోన్‌ది. గ్లూకగాన్ షుగర్ పెంచుతుంది కాబట్టి రెటాట్రుటైడ్‌తో షుగర్ పెరుగుతుందనుకోవడం తప్పు. జీఎల్‌పీ-1, జీఐపీ ప్రభావం దాన్ని అదుపులో పెడుతుంది, ట్రయల్స్‌లో షుగర్ తగ్గింది. గుండె వేగం పెరగడం మాత్రం నిజమే, 24 వారాల దాకా పెరిగి తర్వాత తగ్గింది.

ఇంట్లో అలాంటి వయల్ ఉంటే వేసుకోకుండా మీ డాక్టర్‌కి చూపించండి. ఇప్పటికే వేసుకుని, మంచినీళ్లు కూడా కడుపులో నిలవకపోతే వెంటనే క్యాజువాలిటీకి వెళ్లండి. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర గానీ వాడుతుంటే ముందు గ్లూకోమీటర్‌తో షుగర్ చూసుకోండి. వయల్‌ని వెంట తీసుకెళ్లండి.