బొంగరం ఎందుకు పడిపోదు, రాకెట్‌ని ఎందుకు తిప్పుతారు

మాది నెల్లూరు దగ్గర కోవూరు. షార్, అదే శ్రీహరికోట రాకెట్ కేంద్రం నుంచి రాత్రిపూట రాకెట్ ఎగిరితే మిద్దె ఎక్కి చూస్తాం, దక్షిణం వైపు ఆకాశం ఒక్కసారి ఎర్రబడి నిప్పుముద్ద పైకి లేచి అట్టా సముద్రం మీదకి ఒంగిపోతా కనపడుద్ది. ఒకసారి మా అక్క కొడుకు అడిగాడు, "మామా, అంత పొడుగుది అంత స్పీడులో పోతా పక్కకి దొర్లిపోదా?" అని. వాడడిగింది చిన్న ప్రశ్న కాదు.

ఇప్పటి పెద్ద రాకెట్లకి లోపల కంప్యూటర్ ఉంటది, ఎప్పటికప్పుడు దారి సరిచేసుకుంటా పోతది. కానీ 1971 అక్టోబర్‌లో శ్రీహరికోట నుంచి మొదట ఎగిరిన ఆర్‌హెచ్-125 లాంటి చిన్న రాకెట్లకి అయ్యేం లేవు. 125 అంటే దాని లావు, మిల్లీమీటర్లలో, జానలో సగం కంటే కాస్త ఎక్కువ అంతే. అట్టాంటి వాటిని దారిలో పెట్టేదానికి పాత ఉపాయమే ఉంది, తిప్పడం.

తిరిగే వస్తువుకి ఒక మొండితనం ఉంటది, అది చదివితే అర్థం కాదు, చేత్తో పట్టుకోవాల్సిందే. సైకిల్ ముందు చక్రం ఊడదీసి ఇరుసు రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకోండి, ఎవర్నన్నా చక్రాన్ని గట్టిగా తిప్పమని చెప్పండి, ఇప్పుడు దాన్ని ఎడమకి వాల్చి చూడండి. అది వాలదు, చేతుల్లో బతికున్నదాని మాదిరి మెలి తిరిగి ఇంకో పక్కకి పోతది. మనం తోసిన తోపు తోసిన వైపు కాకుండా దానికి అడ్డంగా బయటికొస్తది. బొంగరం కూడా ఇంతే, భూమి దాన్ని పడేయాలని లాగతానే ఉంటది, ఆ లాగుడంతా పడిపోవడంగా కాకుండా తల గుండ్రంగా తిప్పడంగా మారిపోతది.

చిన్నప్పుడు మా వీధి చివర వడ్రంగి తాత నాకొక తుమ్మచెక్క బొంగరం చేసిచ్చాడు. దాని మేకు నడిమధ్యన లేదు, నూలుపోగంత పక్కకి ఉంది. తాడు లాగి వదిలితే వణికిపోయేది, కానీ గట్టిగా వేసినప్పుడు వణుకుతానే ఒకే చోట నిలబడేది! రాకెట్లో కూడా సరిగ్గా ఇదే కథ. నాజిల్, అంటే మంట బయటికొచ్చే మూతి, వెంట్రుకవాసి వంకరగా ఉన్నా మంట ఎప్పుడూ ఒకే పక్కకి తోస్తది, పోగాపోగా దారి తప్పుద్ది. అదే రాకెట్ తిరగతా పోతే ఆ వంకర తోపు ఒక క్షణం ఇటు, ఇంకో క్షణం అటు పడి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అందుకే చిన్న రాకెట్ల రెక్కలు కొంచెం ఏటవాలుగా బిగిస్తారు, గాలే దాన్ని తిప్పుద్ది.

ఈ ఉపాయం ముందు దొరికింది తుపాకులోళ్ళకి. గొట్టం నున్నగా ఉంటే గుండు లోపల అటూ ఇటూ గుద్దుకుని ఎట్టాబడితే అట్టా తిరగతా బయటికొచ్చేది, తిరిగే గుండుని గాలి పక్కకి లాగేది, కుర్రోళ్ళు వేసే స్పిన్ బంతి గాల్లోనే పక్కకి జరిగినట్టు. 1740ల్లో బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషాయన ఇది పట్టుకున్నాడు. గొట్టం లోపల మర మాదిరి గాడులుంటే గుండు ఒకే పద్ధతిలో తిరుగుద్దని అప్పటికే తెలుసు, అయినా సైన్యాలు ఇంకో వంద ఏళ్ళు నున్నటి గొట్టాలే మోశాయి. ఎందుకంటే కంటికి కనపడని సన్నటి బెజ్జంలో అన్ని గాడులూ ఒకే లోతు, ఒకే మెలిక రావాలి, చేతిపని రోజుల్లో అది శానా కష్టం, ఖర్చు. పైగా గుండుని గాడుల్లోకి బిగించి దిగ్గొట్టాలి, యుద్ధంలో అంత టైం యాడుంటది?

అయితే తిప్పినంత మాత్రాన అన్నీ నిలబడవు, నాకు అన్నిటికంటే నచ్చే ముక్క ఇదే. 1958లో అమెరికా మొదటి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్-1 ని పెన్సిల్ మాదిరి దాని పొడుగు ఇరుసు మీద, నిమిషానికి 750 చుట్లు తిప్పి వదిలారు. దానికి నాలుగు మెత్తటి యాంటెన్నాలు వేలాడతా ఉన్నాయి. అవి ఊగేకొద్దీ తిరుగుడులోని శక్తి కొంచెం కొంచెం వేడిగా ఖర్చైపోయింది, కొన్ని గంటల్లోనే ఆ పెన్సిల్ కాస్తా అడ్డం తిరిగి పంకా రెక్క మాదిరి తిరగడం మొదలుపెట్టింది. సన్నగా పొడుగ్గా ఉన్నది ఎక్కువ కాలం నిలువు ఇరుసు మీద తిరగలేదు, శక్తి కారేకొద్దీ బరువు దూరంగా పరుచుకునే తిరుగుడుకే వచ్చి ఆగుద్ది.

1975 ఏప్రిల్ 19న ఎగిరిన మన మొదటి ఉపగ్రహం ఆర్యభట్టని కూడా నైట్రోజన్ గ్యాస్ చిమ్మి అంతరిక్షంలో తిప్పారు. దాని ఫోటో ఈసారి చూసినప్పుడు ఆకారం గమనించండి, 26 ముఖాలతో, ఎత్తు కంటే అడ్డమే ఎక్కువ, పొట్టి బొంగరం మాదిరి ఉంటది.