పూల యూవీ ఫోటోలు: ముందు ఆ ఫిల్టర్ కొనకండి

"అన్నా, యూవీ ఫిల్టర్ కొన్నా. పొద్దుతిరుగుడు పువ్వు మామూలుగానే వస్తాంది." మొన్న అనంతపురం నుంచి ఒక కుర్రాడి ఫోన్. ఇలాంటివి ఈ నెలలో ఇది మూడోది. మన కంటికి కనిపించని యూవీ (అతినీలలోహిత) వెలుగులో పువ్వు ఎలా ఉంటుందో ఫోటో తీయాలని వీళ్ళ ఆశ.

అపోహ: యూవీ ఫిల్టర్ పెడితే యూవీ ఫోటో వస్తుంది.

వాస్తవం: షాపుల్లో ఆ పేరుతో అమ్మేది యూవీని ఆపడానికి! మనకు కావాల్సింది యూవీని మాత్రమే వదిలి మిగతా వెలుగును ఆపేది, బాడర్ యూ లాంటిది. అదొక్కటే ఉన్నా చాలదు. మామూలు కెమెరాలో సెన్సార్ ముందుండే గాజు యూవీని రానివ్వదు, దాన్ని తీయించి ఫుల్ స్పెక్ట్రమ్ (కంటికి కనిపించని వెలుగునూ పట్టేలా) చేయించాలి. కొత్త లెన్సులు కూడా చాలావరకు యూవీని మింగేస్తాయి. ఫిల్మ్ నుంచి పెద్ద ప్రింట్లు వేయడానికి వాడే పాత ఎల్-నిక్కోర్ 80 ఎంఎం ఎన్‌లార్జర్ లెన్స్ దొరికితే అదృష్టమే.

నేనూ దెబ్బతిన్నవాణ్ణే. చవకగా వస్తుందని యూవీని వదిలే యూజీ11 రకం నల్లగాజు ఒకటి తెప్పించి, కర్నూలు నుంచి నంద్యాల వెళ్ళే దారిలో ఒక పొద్దుతిరుగుడు చేలో పొద్దంతా తీశాను. ఆకులకు సున్నం కొట్టినట్టు తెల్లటి ఫోటోలు వచ్చాయి. అబ్బో అనుకున్నా. నిజానికి ఆకులు యూవీని పీల్చుకుంటాయి, నల్లగా రావాలి. తెల్లగా వచ్చాయంటే లోపలికి ఇన్‌ఫ్రారెడ్ (ఎరుపుకు అవతల ఉండే, కంటికి కనిపించని వెలుగు) దూరిందన్నమాట. జతగా దాన్ని ఆపే ఎస్8612 గాజు పెట్టి మళ్ళీ వెళ్ళా. ఈసారి రేకుల చివర్లు మెరుస్తూ, మొదళ్ళు కాటుక పూసినట్టు వచ్చాయి. కంటికి మాత్రం అంతా ఒకటే పసుపు. అడవి పొద్దుతిరుగుళ్ళలో పొడి వాతావరణం ఉన్నచోట ఈ నల్లవలయం పెద్దదిగా ఉంటుందని 2022లో ఒక పరిశోధన వచ్చింది. మా సీమ ఎండల్లో నిలబడి చదివితే అది ఇంకా బాగా అర్థమవుతుంది.

చీకట్లో యూవీ టార్చి వేసి తీసే మెరుపు పూలు వేరే సంగతి. అది ఫ్లోరోసెన్స్, అంటే యూవీ పడ్డప్పుడు పువ్వు కంటికి కనిపించే వెలుగును వదలడం; దానికి మామూలు కెమెరా చాలు. యూవీ ఫోటో చూపించి "తేనెటీగకు కనిపించేది ఇదే" అనడమూ తప్పే. దానికి యూవీతో పాటు నీలం, ఆకుపచ్చ కూడా కనిపిస్తాయి, ఫోటోలో రంగులు మనం సర్దినవి. ఫోన్‌లో యాప్ వేస్తే యూవీ కనిపిస్తుందా? వదిలేయండి.

పిల్లలు పక్కనుంటే కెమెరా నుంచి రేడియేషన్ వస్తుందేమోనని ఒకావిడ భయపడుతూ అడిగింది. ఏమీ రాదమ్మా, ఎండలో ఉన్న యూవీనే అది పట్టుకుంటుంది. టార్చి దగ్గర మాత్రం జాగ్రత్త. ఎవరి కళ్ళలోకీ వేయొద్దు, యూవీని ఆపే కళ్ళద్దాలు పెట్టుకోండి.

ఆ కుర్రాడి ఫిల్టర్ అంటారా? లెన్స్ మీద దుమ్ము పడకుండా వాడుకోమన్నా.